పంతొమ్మిదిన్నర అంగుళాలు

నన్ను ఎత్తిన చేతులకు లెక్క లేదు. రెండేళ్ళ వయసులో జ్వరమొచ్చి రెండు కాళ్ళూ పడిపోయాక, పదకొండేళ్ళు వచ్చేదాకా అమ్మ చంకనేసుకుని తిరిగింది. తర్వాత బాపు భుజం. బాపు పోయాక అన్న. వీళ్ళు కాక ఆటోవాళ్ళు, బస్సు కండక్టర్లు, పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు. ఒకసారి వీడియో తీసేవాడు కెమెరా పక్కన పెట్టి మరీ వచ్చి ఎత్తాడు. వీళ్ళలో ఎవరినీ నేను పిలవలేదు. మెట్టు కనబడితే చాలు, వాళ్ళంతట వాళ్ళే వచ్చేవారు. ఒకరు చంకల కింద చేతులు పెడితే ఇంకొకరు మోకాళ్ళ కింద పెట్టేవారు. "జర పట్టుర్రి, జర పట్టుర్రి" అని మూడో మనిషి పక్కన నిలబడి అరిచేవాడు. నా చీర ఎక్కడికి పోతున్నదో చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

వాళ్ళంతా మంచివాళ్ళే. అదే నాకు వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళయితే తిట్టి పంపొచ్చు. కొందరి చేతులు ఎత్తడానికి కావలసిన దానికంటే కొంచెం ఎక్కువసేపు ఉండేవి. ఆ సంగతి ఒకసారి నోరు తెరిచి చెబితే, "సాయం చేసినోని మీదనే గంత మాటంటవా" అని మా చిన్నమ్మ నన్నే కోప్పడింది. ఆ తర్వాత చెప్పడం మానేశాను. బయటికి పోవడం కూడా చాలా మటుకు మానేశాను. పోయిన రోజున ఇంటికి వచ్చి రవిక విప్పితే చంకల కింద ఎర్రగా గీతలు పడి ఉండేవి. అవి పోవడానికి రెండు రోజులు పట్టేది.

నేను కల్వకుర్తిలో బట్టలు కుడతాను. నా దుకాణంలో మూడు మిషన్లున్నాయి. నా మిషను పెడలును కాలి కింద నుంచి తీయించి, మోచేత్తో నొక్కేటట్టు బల్ల మీద పెట్టించుకున్నాను. చక్రాల కుర్చీని తోసుకుని తోసుకుని, కత్తెర ఆడించి ఆడించి నా చేతులు మగవాళ్ళ చేతుల్లా తయారయ్యాయి. నేను కుట్టిన జాకెట్టు ఎక్కడా ముడత పడదని చుట్టుపక్కల మండలాల నుంచి వస్తారు. వచ్చినవాళ్ళు నా కాళ్ళ వైపు ఒకసారి చూసి, నా టేపు వైపు చూసి, చెప్పిన చోట చేతులు ఎత్తి నిలబడతారు. దుకాణంలో నాదే పెత్తనం. గుమ్మం దాటితే మాత్రం మళ్ళీ బస్తానే.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్ళకు నాకొక పాత కారు దొరికింది. గేర్లు వాటంతటవే మారే చిన్న కారు. స్టీరింగు పక్కన ఒక కడ్డీ బిగించారు. ముందుకు నెడితే బ్రేకు, కిందికి నొక్కితే వేగం. కాళ్ళతో పని లేదు. మార్కెట్ యార్డు వెనక ఖాళీ జాగాలో నేర్చుకున్నాను. లైసెన్సు ఇచ్చే ఆఫీసులో పరీక్ష పెట్టినాయన నాకంటే ఆ కడ్డీనే ఎక్కువసేపు చూశాడు. చివరికి ఇచ్చాడు. ఆ రోజు శ్రీశైలం రోడ్డు మీద ఒక్కదాన్నే పది కిలోమీటర్లు పోయి వచ్చాను. ఆ సంతోషం ఇంటికి చేరేదాకే ఉంది. దిగడానికి అన్న రావాలి. అన్న పొలంలో ఉన్నాడు. ఎండలో, అద్దాలు దించుకుని గంటసేపు నా కారులో నేనే కూర్చున్నాను.

రోడ్డు మీద నాకు ఎవరూ అక్కర్లేదు, రోడ్డెక్కడానికే ఇద్దరు కావాలి. ఆ గంటలో నాకు పట్టరాని కోపం వచ్చింది. అన్న మీద కాదు. అన్నకు అప్పటికే నడుము పట్టేసి ఉంది. ఎత్తేటప్పుడు ఆయన పళ్ళు బిగించడం నాకు తెలుస్తూనే ఉండేది. కోపం ఆ సీటు మీద.

మరుసటి రోజు టేపు తీసుకుని కొలిచాను. నా కుర్చీ, దిండుతో కలిపి, నేల నుంచి పంతొమ్మిదిన్నర అంగుళాలు. కారు సీటు అంచు ఇరవై మూడు. మధ్యలో మూడున్నర అంగుళాలు. నా బతుకంతా ఆ మూడున్నర అంగుళాల్లో ఇరుక్కుంది. కుర్చీ మీద ఇంకొన్ని దిండ్లు వేస్తే చక్రాలకు చేతులు అందలేదు. కుర్చీకీ సీటుకీ మధ్య చెక్క పలక వేస్తే ఎగువకు పాకలేక వెనక్కి జారాను. కుర్చీ పెరగదు, నేను పెరగను. ఇక మిగిలింది కారు.

ఆ సంగతి నాకు తట్టించింది ఒక పెళ్ళికొడుకు. కాబోయే భార్యను జాకెట్టు కొలతలకు తీసుకొచ్చాడు. అతని కారు మా కారు లాంటిదే, అదే కంపెనీ, అదే మోడలు. కానీ కడుపు నేలకు ఆనుతుందేమో అన్నంత కిందికి దించి ఉంది. దుకాణం ముందున్న స్పీడ్ బ్రేకర్ మీద కర్రున గీరుకుంది. పక్కనున్న టీ హోటలు వాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు. తలుపు తీసి అతను దిగుతుంటే సీటు చూశాను. ఇరవై ఏళ్ళు కొలతలు తీసిన కన్ను నాది. ఆ సీటు నా కుర్చీ ఎత్తులో ఉంది.

పిల్ల కొలతలు పక్కన పెట్టి అతన్ని అడిగాను, బండి ఎట్లా దించావని. ఎవరూ అడగని ప్రశ్న అడిగినందుకు అతను ఉప్పొంగిపోయి అంతా చెప్పాడు. కంపెనీవి తీసేసి, బయట దొరికే వేరే షాకబ్జర్లు వేయించాడట. వాటి ఒంటికి బోల్టుకు ఉన్నట్టు మరలు ఉంటాయి. స్ప్రింగు ఒక రింగు మీద కూర్చుని ఉంటుంది. ఆ రింగును కొంకి పానాతో తిప్పి కిందికి దించితే కారు దిగుతుంది, పైకి తిప్పితే లేస్తుంది. రెండో రింగు మొదటిది కదలకుండా బిగించడానికి. వెనక చక్రాలకు స్ప్రింగు వేరుగా ఉంటుంది, దానికి తిప్పే గిన్నె ఉంటుంది. నాకు ఇదంతా జాకెట్టు వెనక బిగించే తాళ్ళలా అర్థమైంది. పెళ్ళయిన రెండు నెలలకు మామగారి మాట కాదనలేక అతను కారును మళ్ళీ మామూలుగా చేయించుకున్నాడు. ఆ షాకబ్జర్లు నా దగ్గరికి వచ్చాయి. బదులుగా అతని భార్యకు ఏడాది పొడుగునా జాకెట్లు కుట్టాను.

ఇంట్లో చెబితే అన్న తినే అన్నం వదిలేశాడు.

"అందరు బండ్లు లేపుకుంటున్నరు, నువ్వు దించుతనంటవ్. మన గల్లిల బ్రేకర్ సూసినవా? ఎట్ల దాటిస్తవ్?"

ఆ బ్రేకర్ పోయించింది అన్నే. ఒక ట్రాక్టర్ మా మేకపిల్లను తొక్కేస్తే, ఆ కోపంలో దగ్గరుండి ఊళ్ళో ఎక్కడా లేనంత ఎత్తున సిమెంటు పోయించాడు.

"నువ్వు పోయించిన బ్రేకర్‌కు నేను భయపడాల్నా?" అన్నాను.

"నడుము నొస్తాందని నేనేమన్న అన్ననా? ఎత్తుతనే ఉన్న గద."

"నువ్వు అనలేదన్నా. నేనంటున్న. ఇగ ఎత్తొద్దు."

ఆయన ముఖం చిన్నబోయింది. నాకు బాధేసింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

శ్రీశైలం రోడ్డు మీద రేకుల షెడ్డులో పనిచేసే మెకానిక్ నాకంటే పదేళ్ళు చిన్న. వాళ్ళ అమ్మ జాకెట్లు నేనే కుడతాను. షాకబ్జర్లను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కా, మా దగ్గరికి లేపుమనే వస్తరు. స్ప్రింగుల మధ్యల రబ్బరు పెడుత, అంగుళంనర లేస్తది. గీ రోడ్లకు గదే కావాలె. దించుమనేటోళ్ళను నేనిప్పటిదాంక సూడలే."

"ఇప్పుడు సూసినవ్ గద తమ్మీ."

"కింద తాకుతదక్కా."

"తాకనీ. కింద తాకేది ఇనుమే."

అతను కారు షెడ్డులోనే పెట్టుకున్నాడు. రెండు రోజుల్లో బిగించి ఫోను చేశాడు. "రెడీ అక్కా. కొలిసిన. మీరు చెప్పినట్టే పంతొమ్మిదిన్నర."

అన్న నన్ను ఆటోలో తీసుకుపోయాడు. షెడ్డు ముందు కారు కనబడింది. బరువు దించుకున్నట్టు నేలకు దగ్గరగా కూర్చుని ఉంది. కుర్చీని సీటు పక్కకు ఆనించి, ఒక చేయి స్టీరింగు మీద, ఒక చేయి కుర్చీ మీద ఊని ఒక్క ఊపు ఊపాను. సీట్లో పడ్డాను. ఎవరూ చేయి వేయలేదు. నలభై నాలుగేళ్ళలో మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. మెకానిక్ మొహం పక్కకు తిప్పుకుని పానాలు సర్దుకున్నాడు.

అచ్చంపేట వైపు పది కిలోమీటర్లు పోయి తిరిగి వచ్చాను. షెడ్డు ముందు ఆపి, అన్న తెచ్చిన కుర్చీ పక్కన పెట్టించుకుని దిగబోయాను. దిగలేకపోయాను. కుర్చీ ఎత్తుగా కనబడింది. మళ్ళీ ప్రయత్నించాను. కారు సీటు గుంటలా ఉంటుంది, పైకి లేవడానికి చేయి ఊనే చోటు దొరకదు. మూడోసారి కుర్చీ పక్కకు జరిగింది, నేను సగం బయట, సగం లోపల వేలాడాను. అన్న, మెకానిక్ ఇద్దరూ ఒక్క దూకులో వచ్చారు. చంకల కింద రెండు చేతులు, మోకాళ్ళ కింద రెండు చేతులు. పక్కనున్న టైర్ల కొట్టు ఆయన "జర పట్టుర్రి" అన్నాడు.

వాళ్ళు నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. టేపు ఇమ్మని నేనే కొలిచాను. కారు ఖాళీగా ఉన్నప్పుడే సీటు పంతొమ్మిది దగ్గర ఉంది. నేను కూర్చుంటే ఇంకో అంగుళం దిగి పద్దెనిమిదికి వస్తుంది. నా కుర్చీకి అంగుళంన్నర తక్కువ.

"నువ్వు ఎట్ల కొలిసినవ్ తమ్మీ?"

"జాకీ దించంగనే కొలిసినక్కా. సీట్ల బరువు గుడ పెట్టిన."

"ఎంత బరువు?"

అతను నేల చూశాడు. "సిమెంటు బస్తా. యాభై కిలోలు."

"నేను యాభై కిలోలుంటనా?"

"మీ బరువు అడుగుడు మంచిగుండదనిపిచ్చింది అక్కా."

కోపంలో ఉన్నదాన్ని నవ్వేశాను. పెళ్ళయినవాళ్ళూ కానివాళ్ళూ నన్ను ఊరందరి ముందూ ఎత్తుతారు. బరువెంత అని అడగడానికి మాత్రం మర్యాద అడ్డం వస్తుంది. ఒక్క దూకులో వచ్చి నన్ను ఎత్తినవాడే, అంతకుముందు నోటితో అడగలేక నాకు కిలోలు తగ్గించి పెట్టాడు. ఇట్లాంటి పొరపాటు మా వైపు మంచితనం ఉన్నవాళ్ళే చేస్తారు.

రెండో తప్పు నాకు వెంటనే తెలిసింది. కొత్త బట్టను నీళ్ళలో ముంచి ఆరేశాకే కత్తెర పెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకుకే కుదించుకుపోతుంది. జాకీ మీద నుంచి దించిన కారు కూడా అంతే. చక్రాలు బిగుసుకుని బండి పైనే ఉంటుంది. నాలుగు గుంతలు ఎక్కి దిగితే గానీ స్ప్రింగు తన చోట తాను కూర్చోదు. అతను ముంచని బట్ట కొలిచాడు. ఎప్పుడూ రబ్బరు పెట్టి లేపడమే గానీ ఈ పని అతనికి కొత్త. నాకూ కొత్తే. ఆ మాట అతనితో అన్నాను.

అన్నతో మాత్రం వేరే మాట అన్నాను. "ఇదే ఆఖరుసారి. ఇగ ఈ బండిలకు, ఈ బండిలకెళ్ళి నన్ను ఎవ్వరు ఎత్తరు. కుదరకపోతే అమ్మేస్త. మిషను ముందే కూసుంట." బెదిరింపు కాదు. నిజంగానే అనుకున్నాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సరైన ఎత్తు పెట్టాలంటే ప్రతిసారీ నేను సీట్లో కూర్చోవాలి. కుదిరేదాకా నేను కూర్చోవాలంటే ప్రతిసారీ ఎత్తాలి. నా బదులు సరిగ్గా నా అంత బరువు కూర్చుంటే ఆ బాధ లేదు. దానికి నా బరువు తెలియాలి. అది నాకే తెలియదు. పన్నెండేళ్ళప్పటి నుంచి నేను ఏ తూకం ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదో చెబుతాను. మా వైపు వనదేవతలకు మనిషి ఎత్తు బెల్లం మొక్కుకుంటారు. ఆ బెల్లాన్ని బంగారం అనే అంటారు. కోరిక తీరాక ఇస్తారు ఎవరైనా. అమ్మకు అంత ఓపిక లేదు, ముందే ఇచ్చింది, బిడ్డకు కాళ్ళు రావాలని. బెల్లం దుకాణం ముందు పెద్ద తక్కెడ. ఒక పళ్ళెంలో నేను, ఒక పళ్ళెంలో బెల్లం. ఆరేళ్ళప్పుడు ఒకసారి, తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి. నేను పెరిగిన కొద్దీ బెల్లం పెరిగింది, కాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. పన్నెండేళ్ళప్పుడు మూడోసారి కూర్చోబెట్టారు. క్యూలో ఉన్నవాళ్ళంతా నా కాళ్ళ వైపు చూస్తున్నారు. ఇంత బెల్లం పోసి ఇంకెవరినో తెచ్చుకోవాలని చూస్తున్నారు, నేను వద్దు వీళ్ళకు, అనిపించింది. పళ్ళెంలోంచి కావాలనే దొర్లి కింద పడ్డాను. మోచేయి చీరుకుపోయింది. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. మళ్ళీ నన్ను తూయలేదు.

షెడ్డులో కారు దిగలేకపోయిన మరుసటి ఉదయం మార్కెట్ యార్డుకు పోయాను. పల్లికాయ వచ్చే కాలం, బస్తాలు వరసలుగా ఉన్నాయి. నా కుర్చీతో సహా ఎక్కగలిగే తూకం కల్వకుర్తిలో నాకు తెలిసి అదొక్కటే. నేల మీద పరిచినట్టుండే పెద్ద కాంటా. పక్కన దడ్వాయి, అంటే తూకం వేసి పలికే మనిషి. బస్తా పడగానే యార్డంతా వినబడేటట్టు బరువు రాగం తీసి పలుకుతాడు.

"గిది పల్లికాయకమ్మా," అన్నాడు.

"తెలుసు. నన్ను తూకమెయ్యాలె."

చుట్టూ ఉన్న రైతులు, హమాలీలు తలలు తిప్పారు. ఒకాయన అలవాటు కొద్దీ తువ్వాలు భుజాన వేసుకుని ముందుకు వచ్చాడు, ఎత్తడానికే. "చెయ్యి పెట్టకు కాకా, పలక ఒకటెయ్యి" అన్నాను. పలక వేశాడు. దాని మీదుగా నేనే కాంటా మీదికి తోసుకుపోయాను. అంకెలు ఎర్రగా కదిలి కదిలి నిలిచాయి. దడ్వాయి నా వైపు వంగి, చెవిలో రహస్యం చెప్పినట్టు, "ఎనభై ఎనిమిదమ్మా" అన్నాడు.

"బస్తాకు ఎట్ల పలుకుతవో గట్లనే పలుకు కాకా."

"ఊకో అమ్మా, ఆడమనిషివి."

"పలుకు."

ఆయన ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, యార్డు చివర దాకా వినబడేటట్టు ఎనభై ఎనిమిది అని రాగం తీశాడు. ఎవరో నవ్వారు. నవ్వనీ. అందులో కుర్చీ పదహారు. నేను డెబ్బై రెండు. ఎవరి మొక్కు కోసమూ కాదు, కాళ్ళ కోసమూ కాదు. ఇన్నాళ్ళూ నన్ను దేనికో సరిపోయేటట్టు చేయాలని తూచారు. ఆ రోజు కారును నాకు సరిపోయేటట్టు చేయడానికి నన్ను నేనే తూచుకున్నాను. తిరిగి వస్తుంటే ఒళ్ళంతా తేలికగా ఉంది.

షెడ్డులో ఇసుక సంచులు కట్టించాను, మొత్తం డెబ్బై రెండు కిలోలు. మెకానిక్ నన్ను అడిగాడు, ఏ ఎత్తుకు పెట్టాలని. నేను ఎక్కకముందు కారు ఖాళీ, సీటు పైన ఉంటుంది. ఎక్కాక నా బరువుకు అంగుళం దిగుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండింటికీ ఒకే ఎత్తు దొరకదు. ఏదో ఒకదానికి కష్టపడాలి.

"దిగేటప్పుడు సమానముండాలె," అన్నాను. "ఎక్కుడు ఎంతసేపైనా కొట్లాడి ఎక్కుత, కాకపోతె కుర్చీలనే ఉంట. దిగుడు కాకపోతె బండిలనే చిక్కుత. ఆడ ఎవ్వల మొఖం సూడొద్దు నేను."

"అయితె సంచులు పెట్టినంక పంతొమ్మిదిన్నర."

"గంతే."

కారును స్టాండ్ల మీద లేపి చక్రాలు తీస్తే రింగు నా మోకాళ్ళ ఎత్తుకు వచ్చింది. కొంకి పానా నేనే తీసుకున్నాను. "గ్రీసు అక్కా, చీర..." అని ఏదో అనబోయాడు, నా చేతులు చూసి ఆగాడు. బిగింపు రింగు వదులు చేసి, మోసే రింగును పైకి తిప్పడం మొదలుపెట్టాను. ఒక చుట్టుకు రెండు మిల్లీమీటర్లు. అంగుళంన్నర లేవాలంటే పంతొమ్మిది చుట్లు. ఎడమ వైపు అతను, కుడి వైపు నేను. మరల్లో ఇసుక పడి రింగు మొరాయించింది. పాత గుడ్డతో తుడిచి, నూనె చుక్క వేసి మళ్ళీ పట్టాను. భుజాలు మండాయి. హాయిగా ఉంది.

"నాది పంతొమ్మిది. నీది?"

"పంతొమ్మిదే అక్కా."

"లెక్కపెట్టి చెప్తున్నవా, నేనన్నందుకు చెప్తున్నవా?"

అతను మళ్ళీ చూసుకున్నాడు. పద్దెనిమిది. ఇంకొకటి తిప్పాడు. రెండు చేతులకు ఒక కొలత లేకపోతే జాకెట్టు వేసుకున్న మనిషి వంకరగా కనబడుతుంది, కారు కూడా అంతేనని చెప్పాను. వెనక గిన్నెలు కూడా సరిచేశాక చక్రాలు బిగించి కిందికి దించాడు. ఈసారి వెంటనే కొలవలేదు. తనే నడుపుకుంటూ, గుంతలు వెతుక్కుని మరీ ఎక్కిస్తూ ఊరి బయటి దాకా పోయి వచ్చాడు. తర్వాత సంచులు పెట్టి కొలిచాను. పావు అంగుళం ఎక్కువ. మళ్ళీ లేపి, మళ్ళీ చక్రాలు తీసి, మూడు చుట్లు దించాము. మళ్ళీ పోయి వచ్చాడు. టేపు నేల నుంచి పట్టాను. పంతొమ్మిదిన్నర. వెంట్రుకవాసి తేడా లేదు.

అప్పటికి అమ్మ వచ్చింది. ఎవరు చెప్పారో, నాలుగు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ కొంగులో కట్టుకుని ఆటో దిగింది. డెబ్బై దాటిన మనిషి. వంగి ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ పెట్టింది. "నిమ్మకాయలతోని ఎత్తు మారదు గద తమ్మీ" అని మెకానిక్‌ను అడిగాను. అతను నవ్వాడు. అమ్మకు అర్థం కాలేదు.

కుర్చీ పక్కకు ఆనించాను. అన్న, మెకానిక్, టైర్ల కొట్టు ఆయన, అమ్మ. నాలుగు జతల చేతులు ముందుకు వచ్చాయి. వాళ్ళకు తెలియకుండానే వచ్చాయి. "ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు" అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. అంగుళం ఎత్తు. మొదటి ఊపుకు అందలేదు, రెండో ఊపుకు పడ్డాను. కాళ్ళను ఒక్కొక్కటిగా చేత్తో లోపల పెట్టుకున్నాను. కుర్చీ చక్రాలు ఊడదీసి వెనక సీట్లోకి విసిరాను. మడిచిన కుర్చీని పొట్ట మీదుగా లాగి వాటి పక్కకు నెట్టాను. నిమ్మకాయల మీదుగా పోనిచ్చి రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చాను. మళ్ళీ అన్నీ వరసగా బయటికి తీసి, కుర్చీ బిగించి, సీటు మీద నుంచి కుర్చీ మీదికి జరిగాను. జరిగాను, అంతే. ఎక్కలేదు, దూకలేదు. పీట మీద పక్కకు జరిగినట్టు.

టైర్ల కొట్టు ఆయన ఈసారి "జర పట్టుర్రి" అనలేదు. నాకు అది చాలు.

మరుసటి వారం జడ్చర్ల పోయి చక్రాల అలైన్‌మెంటు చేయించాను, ఎత్తు మారితే అది కూడా తప్పుతుంది. అప్పటి నుంచి పెళ్ళిళ్ళకు పోతున్నాను, దవాఖానకు పోతున్నాను, బట్టల కోసం హైదరాబాద్ పోతున్నాను. అవును, కింద గీరుకుంటుంది. బ్రేకర్ల మీద ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దాటించాలి. టీ హోటలు వాళ్ళు ఇప్పుడు నన్ను చూసి నవ్వుతారు, ఈ వయసులో స్టైలేందని. నేను హారన్ కొట్టి పోతాను. గీతలు పడితే బండి కింద పడుతున్నాయి, నా చంకల కింద కాదు.

కానీ నాకు ఆ మొదటి రోజే గుర్తుండిపోయింది. షెడ్డు నుంచి అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఇంటికి బయలుదేరాను. అన్న వెనక మోటారు సైకిలు మీద వస్తున్నాడు. మా గల్లీలో అన్న పోయించిన బ్రేకర్ వచ్చింది. ఇద్దరి బరువుతో దాటితే బండి కడుపు ఆనుకుంటుందని ఆగాను. అమ్మ నేనేమీ చెప్పకముందే తలుపు తీసింది.

"నేను దిగి నడుస్త. తేలికైతది."

దిగి, బ్రేకర్ దాటి అవతల నిలబడింది. నేను ఏటవాలుగా ఒక చక్రం ఎక్కించి, రెండోది ఎక్కించి, మెల్లగా దాటించాను. ఎక్కడా తాకలేదు. ఆమె పక్కన ఆపాను. అమ్మ తన తలుపు వైపు పోలేదు. కారు ముందు నుంచి చుట్టి నా వైపు వచ్చింది, నా తలుపు తీసింది, వంగింది. రెండు చేతులూ నా చంకల కిందికి వచ్చాయి.

ఇల్లు ఇంకా నాలుగు గడపల అవతల ఉంది. ఇక్కడ నన్ను దించే పని ఎవరికీ లేదు. ఆమె చేతులకు ఆ సంగతి తెలియదు. కారు ఆగితే బిడ్డను ఎత్తాలి, అంతే తెలుసు వాటికి.

"ఏందమ్మా?"

అమ్మ తన చేతులు తనే చూసుకుంది. మెల్లగా వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుంది.

"ఏం లేదు బిడ్డా. మరిచిన."

"నేను దిగుతలేను. నువ్వెక్కు."

నా తలుపు నేనే వేసుకున్నాను. అమ్మ చుట్టూ తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె బరువుకు కారు ఆ వైపు కొంచెం కిందికి దిగింది. కడ్డీ నొక్కి ముందుకు పోనిచ్చాను.